టన్ను కాగితానికి నీరెంత?

రాజమహేంద్రవరం: పరీక్ష రాసే విద్యార్థి చేతిలోని తెల్లకాగితం బరువు సుమారు 5 గ్రాములు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద పెద్ద కాగితపు మిల్లులకు తొలుత విధించిన హద్దు ప్రకారం టన్ను కాగితానికి 200 ఘనపు మీటర్ల వరకు వ్యర్థజలాన్ని బయటకు వదలవచ్చు. ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు. ఆ లెక్కన ఒక్కో కాగితం వెనుక ఒక లీటరు మురుగునీరు ఉన్నట్టు. అదే మిల్లు టన్నుకు 40 ఘనపు మీటర్లతో సరిపెట్టుకోగలిగితే కాగితానికి గ్లాసుడు నీళ్లే. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుపులోగానీ నునుపులోగానీ తేడా కనిపించదు. తేడా అంతా మిల్లు ప్రహరీ లోపలి గొట్టాల్లో, పంపుల్లో, యాజమాన్యం పట్టుదలలో ఉంటుంది.

గోదావరి పరివాహక ప్రాంతానికి ఈ లెక్కతో దగ్గరి సంబంధం ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్‌ జిల్లాలోని కాగజ్‌నగర్‌ మిల్లుకు పెద్దవాగు ఆధారం. ఆ వాగు ప్రాణహితలో కలుస్తుంది, ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. దిగువన భద్రాచలానికి ఎదుట సారపాకలో ఐటీసీ మిల్లు ఉంది. పాపికొండలు దాటి మైదానంలోకి వచ్చాక రాజమహేంద్రవరంలో ఆంధ్రా పేపర్‌ మిల్లు ఉంది. మూడు మిల్లులు, ఒకే నది. ఆ తరువాత ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువల కింద సుమారు పది లక్షల ఎకరాల డెల్టా, వందలాది గ్రామాల మంచినీటి చెరువులు. చివరన ఉన్నవారికి పై నుంచి వచ్చే నీటి సంగతి తెలుసుకోవలసిన అవసరం మరీ ఎక్కువ.

మిల్లు ఉండాలి, నది కూడా ఉండాలి

కాగితపు మిల్లు అనగానే కాలుష్యం అని తీర్పు చెప్పి ఊరుకోవడం తేలిక. మిల్లు మూతపడితే ఏమవుతుందో కాగజ్‌నగర్‌ వాసులను అడగాలి. నిజాం కాలంలో మొదలై ఊరికే పేరు తెచ్చిన సిర్పూర్‌ పేపర్‌ మిల్లు 2014లో ఆగిపోయింది. జేకే పేపర్‌ సంస్థ చేతికి వచ్చి 2018లో మళ్లీ తెరుచుకునే దాకా కార్మిక కుటుంబాలు నాలుగేళ్లు ఎదురుచూశాయి. గోదావరి ఒడ్డునే ఉన్న కమలాపురం రేయాన్‌ గుజ్జు కర్మాగారంలోనూ 2014లోనే ఉత్పత్తి నిలిచిపోయింది. ఈ రెండూ నీటి వివాదాల వల్ల కాదు, వ్యాపార నష్టాల వల్ల ఆగాయి. ఉపాధి పోయినప్పుడు పడే దెబ్బ ఎలాంటిదో మాత్రం అవి చూపాయి. మన జిల్లాలో మిల్లు మీద ఆధారపడినవారిలో కార్మికులే కాదు, సరుగుడు, సుబాబుల్‌, జామాయిల్‌ వేసిన రైతులు, కలప లారీల వారు, కూలీలు కూడా ఉన్నారు.

రెండోవైపు కేరళలోని మావూరు ఉంది. చాలియార్‌ నది ఒడ్డున 1963లో మొదలైన రేయాన్‌ గుజ్జు కర్మాగారంపై నదీ కాలుష్యం కారణంగా దశాబ్దాల పాటు ప్రజా ఉద్యమం సాగింది. ఆ ఆందోళనలు ఒకవైపు, నష్టాలు, ముడిసరుకు చిక్కులు మరోవైపు ముసురుకొని 2001లో అది శాశ్వతంగా మూతపడింది. నది దెబ్బతిన్నది, ఉద్యోగాలూ పోయాయి. నీటి విషయంలో సకాలంలో జాగ్రత్త పడితే మిల్లునూ నదినీ రెండింటినీ నిలుపుకునే అవకాశం ఉంటుంది. ఆ జాగ్రత్త ఎక్కడ పడాలో తెలియాలంటే ముందుగా మిల్లు లోపల నీరు ఏం చేస్తుందో చూడాలి.

నీరు ఎక్కడికి పోతుంది

కలపను ముక్కలుగా నరికి, కాస్టిక్‌ సోడా, సోడియం సల్ఫైడ్‌ కలిపిన ద్రావణంలో అధిక ఒత్తిడి, వేడి మధ్య ఉడికిస్తారు. కలపలోని పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ అనే జిగురు పదార్థం కరిగిపోయి గుజ్జు మిగులుతుంది. కలప బరువులో ఇంచుమించు సగమే గుజ్జుగా వస్తుంది. తక్కిన సగం ఉడికించిన ద్రావణంలో కలిసిపోతుంది. చిక్కటి నల్లని రంగులో ఉండే దీనినే బ్లాక్‌ లిక్కర్‌ అంటారు. గుజ్జును కడగడానికి నీరు, తెల్లబరచడానికి నీరు, మళ్లీ కడగడానికి నీరు కావాలి. ఆపైన పేపర్‌ మెషీన్‌ మీదికి వెళ్లే గుజ్జులో పీచు నూటికి ఒక వంతు కూడా ఉండదు, మిగిలినదంతా నీరే. అర శాతం పీచు అనుకుంటే టన్ను కాగితానికి 200 టన్నుల నీరు మెషీన్‌ మీద ప్రవహించాలి. పీచు అంతటా సమంగా పరుచుకోవాలంటే అంత పలుచన తప్పదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ నీటిలో కాగితంతో పాటు ఆరిపోయి గాలిలో కలిసేది బహు స్వల్పం. వల మీద జారి, రోలర్ల మధ్య పిండి, చివరికి ఆవిరి సిలిండర్ల మీద ఆరబెట్టేటప్పుడు పోయేది టన్నుకు ఒక ఘనపు మీటరుకు కాస్త ఎక్కువ. వల కింద జారిన తెల్లనీటిని వడగట్టి మళ్లీ అదే మెషీన్‌కు వాడుకోవచ్చు. అందులో కొట్టుకుపోయే సన్నని పీచు కూడా తిరిగి దొరుకుతుంది. అంటే, కాగితపు మిల్లు నీటిని ఖర్చుచేసేది తక్కువ, వాడి పాడుచేసి తిరిగి ఇచ్చేది ఎక్కువ. నది నుంచి తీసుకున్న నీటిలో అత్యధిక భాగం నదికే తిరిగి చేరుతుంది. ఏ స్థితిలో చేరుతుందన్నదే ప్రశ్న.

మన ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు పారబోయకుండా కుడితిలో పోస్తారు. బట్టలు జాడించిన చివరి నీటిని తరువాతి వాయికి మొదటి నీరుగా వాడే ఇల్లాళ్లు నీళ్లకు కటకటలాడే ఊళ్లలో నేటికీ ఉన్నారు. గుజ్జు కడిగే యంత్రాలలో జరిగేదీ అదే. శుభ్రమైన నీటిని చివరి యంత్రంలో పోస్తారు. అక్కడి నీరు దాని ముందు యంత్రానికి, అక్కడి నుంచి ఇంకా ముందుకు ఎదురు నడక నడుస్తుంది. అత్యంత మురికి గుజ్జును అత్యంత మురికి నీరు కడుగుతుంది. యంత్రాల వరుస ఎంత బాగుంటే తాజా నీరు అంత తక్కువ సరిపోతుంది. దీనికి తోడు పంపులను చల్లబరిచే నీరు, వాక్యూమ్‌ పంపుల సీళ్లకు పెట్టే నీరు, ఆవిరి గొట్టాలలో చల్లారిన నీరు పెద్దగా మురికి పట్టవు. వీటిని మురుగుకాలువలో కలిపేసే మిల్లుకూ, వేరే గొట్టాల్లో పట్టి తిరిగి వాడుకునే మిల్లుకూ టన్నుకు పదుల ఘనపు మీటర్ల తేడా వస్తుంది. ఇందుకు మహా విజ్ఞానం అక్కర్లేదు. ప్రతి విభాగానికీ ఒక మీటరు, ఆ మీటరును రోజూ చూసే మనిషి ఉండాలి. పెట్టుబడి కొరతకన్నా ఈ రెండింటి కొరతే ఎక్కువ అనిపిస్తుంది.

నల్లద్రావణం దాటితే ముప్పే

మిల్లులో అన్నింటికన్నా ప్రమాదకరమైనదీ, అన్నింటికన్నా విలువైనదీ ఆ బ్లాక్‌ లిక్కరే. దానిని ఆవిరి పట్టించి చిక్కబరచి, ప్రత్యేక బాయిలర్‌లో మండిస్తే మిల్లుకు కావలసిన ఆవిరి, విద్యుత్తు చాలావరకు వస్తాయి. అడుగున మిగిలిన లవణాలకు సున్నం కలిపి మళ్లీ కాస్టిక్‌ ద్రావణం తయారుచేస్తారు. చక్కగా నడిచే పెద్ద మిల్లులో నూటికి 95 వంతుల వరకు రసాయనం తిరిగి చేతికి వస్తుంది. చిన్న మిల్లులకు ఈ ఏర్పాటు భారం. అందులోనూ గడ్డితో గుజ్జు చేసేవాటికి మరీ కష్టం. వరిగడ్డి, గోధుమగడ్డిలో ఉండే సిలికా ఆ యంత్రాలలో గార పేరుస్తుంది. ఉత్తరాది చిన్న మిల్లులు చాలాకాలం నల్లద్రావణాన్ని కాలువల్లోకి వదలడానికి ప్రధాన కారణం ఇదే. 2003 మార్చిలో కేంద్రం పరిశ్రమలతో కుదుర్చుకున్న పర్యావరణ బాధ్యతల ఒడంబడికలో చిన్న మిల్లులు మూడేళ్లలోగా రసాయన పునరుద్ధరణ యంత్రాలు పెట్టుకోవాలని, లేదా నల్లద్రావణం బయటకు పోకుండా మరో విధంగా వాడుకోవాలని షరతు విధించారు.

అదే ఒడంబడిక పెద్ద మిల్లుల నీటి పరిమాణాన్నీ పట్టించుకుంది. వ్యర్థజలం రెండేళ్లలో టన్నుకు 140 ఘనపు మీటర్లకు తగ్గాలని, 1992కు ముందు స్థాపించిన మిల్లులు నాలుగేళ్లలో 120కి, తరువాత స్థాపించినవి 100కు రావాలని గడువులు పెట్టింది. ఐరోపా సమాఖ్య 2014లో ప్రకటించిన ఉత్తమ విధానాల పత్రం కలపతో తెల్లటి గుజ్జు చేసే మిల్లులకు 25 నుంచి 50 ఘనపు మీటర్లను ప్రమాణంగా చెప్పింది. పాత కాగితంతో పనిచేసి, సిరా తొలగించే అవసరం లేని మిల్లులకైతే 10కి మించనక్కర్లేదంది. మన ఇంటి పాత పేపర్ల కట్ట చిత్తుకాగితాల బండికి వెళ్లడం చెట్లకే కాదు, నీటికీ మేలే.

తెలుపు కోసం క్లోరిన్‌

ఉడికించిన గుజ్జు గోధుమరంగులో ఉంటుంది. దానిని తెల్లబరచడానికి ఒకప్పుడు నేరుగా క్లోరిన్‌ వాయువు వాడేవారు. మిగిలిన లిగ్నిన్‌తో క్లోరిన్‌ కలిసి పుట్టే సమ్మేళనాలు త్వరగా విచ్ఛిన్నం కావు, కొన్ని చేపల కొవ్వులో పేరుకుంటాయి. వాటిలో అత్యంత విషపూరితమైన డయాక్సిన్ల జాడ 1980లలో అమెరికా, స్వీడన్‌ మిల్లుల దిగువ నీళ్లలో బయటపడి కలకలం రేగింది. అప్పటి నుంచి క్లోరిన్‌ వాయువు స్థానంలో క్లోరిన్‌ డయాక్సైడ్‌, దానికి ముందు ఆక్సిజన్‌ వాడే పద్ధతులు వ్యాపించాయి. మన దేశంలో ఈ మార్పుకు ముందు నడిచినవాటిలో సారపాక మిల్లు ఒకటి. 2002లోనే అక్కడ క్లోరిన్‌ వాయువు లేని పద్ధతి ప్రవేశపెట్టారు. ఆక్సిజన్‌తో ముందే లిగ్నిన్‌ను తగ్గిస్తే ఆ కడుగునీటిని నల్లద్రావణంతో కలిపి బాయిలర్‌కు పంపవచ్చు. క్లోరిన్‌ తగిలిన నీటిని అలా పంపలేరు, క్లోరైడ్‌ బాయిలర్‌ గొట్టాలను తినేస్తుంది. కాబట్టి తెల్లబరిచే పద్ధతి మారితే విషం తగ్గడమే కాదు, నీటి వాడకమూ తగ్గుతుంది.

రంగు చూసి తీర్పు చెప్పలేం

మురుగునీటి శుద్ధి కేంద్రంలో మొదట పీచు, మట్టి అడుగుకు దిగేలా నిలవ ఉంచుతారు. తరువాత గాలి కొట్టి సూక్ష్మజీవుల చేత కరిగిన సేంద్రియ పదార్థాన్ని తినిపిస్తారు. కలప రసంలో నత్రజని, భాస్వరం బొత్తిగా చాలవు. అందువల్ల ఆ సూక్ష్మజీవులకు యూరియా, భాస్వర ఎరువు వేయాల్సి వస్తుంది. పొలానికే కాదు, మురుగుకుంటకూ ఎరువు మోతాదు చూసి వేయాలన్నమాట.

ఇంత చేసినా లిగ్నిన్‌ రంగును ఆ జీవులు హరించలేవు. శుద్ధిచేసిన నీరు కూడా టీ డికాషన్‌ పలుచన చేసినట్టే ఉంటుంది. జనం రంగు చూసి విషమంటారు, అధికారులు పరీక్ష ఫలితం చూపి మంచినీళ్లే అన్నట్టు మాట్లాడతారు. రెండూ సగం సగమే. రంగు ఉన్నంత మాత్రాన చేపలు చావవు, వెలుతురు లోపలికి పోక నీటిలోని నాచు, మొక్కలు దెబ్బతినడం మాత్రం నిజం. క్లోరిన్‌ సమ్మేళనాలు, కరిగిన లవణాలు కంటికి కనిపించవు, తేటగా ఉన్న నీటిలోనూ ఉండవచ్చు. చేపలు మూకుమ్మడిగా తేలడానికి సాధారణ కారణం ప్రాణవాయువు చాలకపోవడం. నీటిలోని సేంద్రియ పదార్థం కుళ్లడానికి ఎంత ప్రాణవాయువును పీల్చుకుంటుందో చెప్పే కొలతే బీవోడీ. పెద్ద మిల్లులు నదిలోకి వదిలే నీటిలో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదు.

అసలు చిక్కు ఈ లీటరు లెక్కలోనే ఉంది. ఒక మిల్లు టన్నుకు 40 ఘనపు మీటర్ల నీరు, లీటరుకు 60 మిల్లీగ్రాముల బీవోడీతో వదులుతోందనుకుందాం. నిబంధన తప్పినట్టే. ఆ నీటిలో మరో 40 ఘనపు మీటర్ల శుభ్రమైన నీరు కలిపితే కొలత 30కి దిగి పరీక్షలో నెగ్గుతుంది. నదిలో చేరే మలినం గ్రాము కూడా తగ్గలేదు, పైగా నది నుంచి తోడిన మంచినీరు రెట్టింపైంది. పొదుపుగా వాడేవాడి మురుగు చిక్కగా ఉండి తప్పుపట్టించుకుంటుంది, దుబారా చేసేవాడి మురుగు పలుచగా ఉండి గట్టెక్కుతుంది. అందుకే గాఢతతో పాటు టన్నుకు ఎంత నీరు అన్న లెక్క తప్పనిసరి. టన్నుకు 200 ఘనపు మీటర్లు వదిలే మిల్లు 30 మిల్లీగ్రాముల హద్దులోనే ఉన్నా టన్నుకు 6 కిలోల బీవోడీ నదిలో వేస్తుంది. 40 ఘనపు మీటర్ల మిల్లు వేసేది కిలో రెండు వందల గ్రాములే.

వరదలో కాదు, వేసవిలో చూడాలి

రోజుకు 500 టన్నుల కాగితం చేసే మిల్లు టన్నుకు 100 ఘనపు మీటర్లు వాడితే రోజుకు 5 కోట్ల లీటర్లు. లక్ష జనాభా ఉన్న పట్టణానికి తలకు 135 లీటర్ల చొప్పున ఇచ్చే నీటికి ఇది మూడున్నర రెట్లకు పైమాటే. ఏడాదికి 0.64 టీఎంసీ అవుతుంది. టన్నుకు 40కి తగ్గితే 0.26 టీఎంసీ చాలు. క్యూసెక్కుల్లో చెబితే తొలి లెక్క 20 క్యూసెక్కులు. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు ఆ 20 లెక్కలోకి రాదు. ఏప్రిల్‌, మే నెలల్లో పరిస్థితి వేరు. నదీ ప్రవాహం కొన్ని వేల క్యూసెక్కులకు పడిపోయి, సీలేరు నుంచి వచ్చే జలాలపై డెల్టా ఆధారపడే రోజులవి. అప్పుడు కూడా మొత్తం నదితో పోలిస్తే 20 క్యూసెక్కులు కొద్దిపాటే అని వాదించవచ్చు. కానీ వదిలిన నీరు వెంటనే నది అంతటా కలవదు. ఒడ్డు వెంబడి చారలాగ చాలాదూరం సాగుతుంది. స్నానాల రేవులు, లంక రైతుల మోటార్లు ఉండేదీ ఒడ్డునే. వేసవిలో సన్నబడే పెద్దవాగు వంటి చిన్న ప్రవాహాలకు ఈ మాటైనా వర్తించదు. అక్కడ మిల్లు నీరే వాగు నీరుగా మారే ప్రమాదం ఉంది.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన కలుషిత నదీభాగాల జాబితాలో రాయనపేట నుంచి రాజమహేంద్రవరం దాకా గోదావరి ఉంది. దాని పాపమంతా పరిశ్రమలపై మోపలేం. పట్టణాల నుంచి శుద్ధి లేకుండా కలిసే మురుగుకాలువల బీవోడీ వాటా కూడా చిన్నదేమీ కాదు. మిల్లును లీటరు లీటరు అడిగే హక్కు ఉన్నవారు మున్సిపాలిటీని కూడా అడగాలి.

పూర్తిగా మళ్లీ వాడలేరా?

చుక్క నీరు బయటకు వదలకుండా నడపవచ్చు కదా అని సభల్లో వక్తలు ప్రశ్నిస్తుంటారు. కలపతో తెల్లకాగితం చేసే మిల్లులో అది చెప్పినంత తేలిక కాదు. అదే నీటిని తిప్పితిప్పి వాడితే కలప నుంచి, రసాయనాల నుంచి వచ్చిన లవణాలు పేరుకుంటాయి. గొట్టాలు తుప్పుపడతాయి, గార కడుతుంది, మెషీన్‌ మీద జిగట నాచు పెరిగి కాగితం తెగిపోతుంది. లవణాలను వేరుచేయాలంటే విద్యుత్తు ఖర్చు, చివరికి మిగిలే ఉప్పుకుప్ప సమస్య తలెత్తుతాయి. కాబట్టి కలప మిల్లు ఏదైనా చుక్క కూడా వదలడం లేదంటే మెచ్చుకునే ముందు ఆ ఉప్పు ఎక్కడికి పోతోందో అడగడం మంచిది.

శుద్ధిచేసిన నీటిని పొలాలకు మళ్లించడం మరో మార్గం. తమిళనాడులో కరూర్‌ సమీపాన కాగితపురం అనే చోట తమిళనాడు న్యూస్‌ప్రింట్‌ సంస్థ మిల్లు ఉంది. చెరకు పిప్పి ప్రధాన ముడిసరుకుగా మొదలైన ఆ మిల్లు శుద్ధజలాలను 1990ల నుంచి రైతుల సంఘం ద్వారా ఎత్తిపోతల పద్ధతిలో సాగుకు ఇస్తోంది. నీటిఎద్దడి ప్రాంతాలకు ఇది ఆకర్షణీయమే. అయితే సూక్ష్మజీవులు సోడియం లవణాలను తినవు. ఏళ్ల తరబడి పారిస్తే నేల బిగుసుకుపోవచ్చు, బావుల నీరు ఉప్పుదేలవచ్చు. మురుగు పారకం ఉన్న పొలాలు, ప్రత్యేకించి నల్లరేగడి నేలలు ఉన్నచోట ఏటా మట్టి, బావినీటి పరీక్షలు చేయించకుండా ఈ నీటికి ఒప్పుకోవడం రైతుకు శ్రేయస్కరం కాదు.

అడగవలసినది ఎవరిని, ఏమని?

మిల్లు నడవాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహణ సమ్మతి పత్రం ఉండాలి. రోజుకు ఎంత నీరు తీసుకోవచ్చు, ఎంత మురుగు వదలవచ్చు, ఏ గాఢతతో వదలాలి అన్నవి అందులో అంకెలతో సహా ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా దాని నకలు కోరవచ్చు. కాలుష్య పరిశ్రమలు మురుగునీటి నాణ్యతను నిరంతరం కొలిచే పరికరాలు అమర్చి, ఆ వివరాలను నేరుగా మండలి సర్వర్లకు పంపాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమ ఆరు నెలలకోసారి షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. విస్తరణ తలపెడితే సాధారణంగా 30 రోజుల ముందుగా ప్రకటన ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి.

పరిశ్రమల విస్తరణపై జరిగే ఇటువంటి సభలకు ఈ విలేకరి ఎన్నింటికో హాజరయ్యాడు. ఉద్యోగాలు స్థానికులకు ఎన్ని, రోడ్డు ఎప్పుడు వేస్తారు, గుడికి చందా ఎంత అన్న ప్రశ్నలే ఎక్కువ. ఉత్పత్తి రెట్టింపయితే నీరు కూడా రెట్టింపవుతుందా, టన్నుకు ఎంత నుంచి ఎంతకు తగ్గిస్తారు అని అడిగినవారు అరుదు. సమాధానం లేక కాదు, వందల పుటల నివేదికలో ఆ అంకె ఎక్కడో ఉంటుంది. అడిగితే వేదిక మీదనే చదివి వినిపించాలి, సభా కార్యక్రమంలో నమోదు చేయాలి.

దరఖాస్తు పెట్టేవారు ఏడాది సగటుతో తృప్తి పడకుండా ఏప్రిల్‌, మే నెలల రోజువారీ అంకెలు కోరాలి. ఆ నెలల్లో నది నుంచి తోడిన నీరు, వదిలిన నీరు, తయారైన కాగితం, ఈ మూడింటినీ విడివిడిగా అడిగితే భాగహారం ఇంటి వద్దే చేసుకోవచ్చు. మిల్లు మరమ్మతులకు ఆగి, మళ్లీ మొదలైన తేదీల వివరాలు కూడా కోరడం అవసరం. ట్యాంకులు కడిగేది, నల్లద్రావణం పొరపాటున పొంగేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. ఒక్కసారి అది శుద్ధి కేంద్రంలోకి చేరితే సూక్ష్మజీవులు దెబ్బతిని, అవి కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఏడాది సగటులో ఆ రోజులు కనబడవు.